బరి మన్ను అంటిన సేనాపతి

నడిసీమ రాజు చిక్కభూపతికి ఓ కొత్త సరదా పట్టుకుంది. ఎవరి పక్షమూ కాకపోవడం.

తూర్పు రాజుకీ పడమటి రాజుకీ యుద్ధం మొదలైంది. నడిసీమ సరిగ్గా ఆ ఇద్దరి మధ్యలో ఉంది. మనకెందుకొచ్చిన గొడవ, మనం ఎటూ కాదు అని రాజు ఊరూరా దండోరా వేయించాడు. అక్కడితో ఆగాడా? పప్పు బాగుందా పులుసు బాగుందా అని రాణి అడిగినా, రెండు గిన్నెల వైపూ చూసి నవ్వి ఊరుకునేవాడు.

ఇలా ఉండగా తూర్పు రాజు దూత వచ్చాడు. మా గుర్రాలకి దాహంగా ఉంది, మీ ఏట్లో నీళ్ళు తాగనివ్వండన్నాడు. నీళ్ళకి కాదంటే పాపం ప్రభూ అని సేనాపతి సింగమనాయుడు మీసం దువ్వాడు. రాజు సరేనన్నాడు.

నీళ్ళు తాగిన గుర్రాలకి ఆకలేసింది. గడ్డి ఇచ్చారు. గడ్డి మొయ్యాలి కదా, బళ్ళిచ్చారు. పడమటి వాళ్ళు చూసి చూసి రెండు బళ్ళు తగలబెట్టారు.

"బళ్ళకి కాపలాగా మూడొందలమందిని పంపుదాం ప్రభూ. కాపలా కాస్తే యుద్ధం చేసినట్టు కాదుగా," అన్నాడు సేనాపతి.

రాజు దానికీ తలూపాడు. మర్నాడే ప్రయాణం. ఆ మూడొందల ఇళ్ళల్లో మూటలు కట్టేవాళ్ళేగానీ పొయ్యి రాజేసినవాళ్ళు లేరు.

రాజుని నవ్వించే ఉద్యోగం బొల్లనది. ఆ రోజు మాత్రం వాడు నవ్వించలేదు. ఇలా కొంచెం కొంచెం ఇచ్చుకుంటూ పోతే మనమూ యుద్ధంలో పడ్డట్టేనని నిండు కొలువులో అనేశాడు.

సేనాపతికి ఒళ్ళు మండింది. "ఒరే బొల్లా, గట్టు మీద కూర్చున్నవాడికి తడి అంటుతుందట్రా?"

"తేల్చేద్దాం బాబయ్యా," అని బొల్లన రాజు వైపు తిరిగాడు. సాయంత్రం కుస్తీ పెట్టించమన్నాడు. సేనాపతిగారు బరి పక్కన కూర్చోవాలి. అడిగితే చిన్న చిన్న సాయాలు చెయ్యొచ్చు, కుస్తీలో మాత్రం దిగకూడదు. చివరిదాకా అలా ఉండగలిగితే ఆ మూడొందలమందికీ ముందు తనే నడుస్తానన్నాడు. ఉండలేకపోతే ఎవరూ వెళ్ళక్కర్లేదు.

రాజుకి సరదా వేసింది. సేనాపతి పకపకా నవ్వి ఒప్పేసుకున్నాడు.

సాయంత్రం లింగడూ గంగులూ బరిలో దిగారు. గంగులు గున్నేనుగులా ఉంటాడు. లింగడు బక్కపీనుగ. వాడు సేనాపతి పక్కకే చేరి, అయ్యగారూ, ఈ తలగుడ్డ కాస్త పట్టుకోండని ఇచ్చాడు. తలగుడ్డే కదా, పట్టుకున్నాడు. కాసేపాగి చెమట తుడవమన్నాడు. తుడిచాడు.

మూడోసారి ఎవరూ అడగలేదు. సేనాపతి కూడా ఒకప్పుడు మల్లుడే.

"కాలు పట్టరా సన్నాసీ, కాలు! మెడ మీద ఏముందిరా నీకు?"

"పట్టు జారిపోతోందండయ్యా," అని లింగడు ఏడుపు మొహం పెట్టాడు. "గుప్పెడు మన్ను అందించండి."

సేనాపతి వంగి, బరిలోని ఎర్రమన్ను రెండు చేతులా తీసి వాడి అరచేతులకి రుద్దాడు.

నడిసీమలో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు, చేతికి బరి మన్ను అంటినవాడు కుస్తీలో ఉన్నట్టే లెక్క. వాణ్ణి ఎవరైనా పట్టుకోవచ్చు, పడెయ్యొచ్చు. ఊపు మీదున్న సేనాపతికి ఆ సంగతే మతికి రాలేదు.

గంగులు లింగణ్ణి వదిలేశాడు. తీరిగ్గా వచ్చి సేనాపతి నడుం పట్టి ఎత్తి, ఒక్క తిప్పు తిప్పి, బరి నడిమధ్య వెల్లకిలా పడేసి మీద కూర్చున్నాడు.

"నేను కుస్తీలో లేనురా, లెగరా," అని సేనాపతి మూలుగుతున్నాడు.

ఇదేంటని రాజు బొల్లన వైపు చూశాడు. బొల్లన చేతులు కట్టుకున్నాడు.

"ఆయన కుస్తీలో లేరని ఆయనకి తెలుసు ప్రభూ. మనం యుద్ధంలో లేమని మనకి తెలిసినట్టే. ఎటొచ్చీ అవతలివాడికే తెలీదు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు. కొలువు కొలువంతా నవ్వింది. ఆ నవ్వుల్లోనే రాజు, బళ్ళు వెనక్కి తోలించండి, ఆ మూడొందలమందినీ మూటలు విప్పుకోమనండి అని కేకేసి, తన భుజం మీది శాలువా తీసి బొల్లనకి కప్పాడు.