ఉడకబెట్టిన చెక్కదండ

బ్రదర్ ఇవార్ మళ్ళీ పీపాకు చెవి ఆనించాడు. లోపల చప్పుడు లేదు. నిన్న పొద్దున కాచి పోసిన బార్లీ రసం పోసినట్టే ఉంది. నురుగు లేదు, బుడగ లేదు.

ఉత్తరాన మంచుకొండల కింద చిన్న మఠం అది. దాని వంటింట్లోనే ఒక రాగి కాగు, ఒక పీపా. ఏటా గడ్డికోతలు ముగిశాక, కోసినవాళ్ళందరికీ అక్కడ కాచిన బీరు పోయడం ఆనవాయితీ. ముసలి గురువు ఫాదర్ హాల్వర్‌కు కాగు ఎత్తే సత్తువ పోయింది. ఈ ఏడు ఆ పని ఇవార్ మీద పడింది.

పాలకు తోడు ఎలాగో, ఆ రసం పులిసి బీరు కావడానికీ ఒక తోడు కావాలి. మఠంలో అది చిన్న చిన్న చెక్కముక్కలు కూర్చిన దండలో ఉండేది. బీరు కాచిన ప్రతిసారీ దండను నురుగులో ముంచి, ఎండబెట్టి, దూలానికి వేలాడదీసేవారు. హాల్వర్‌కు అది తన గురువు చేతినుంచి వచ్చింది.

హాల్వర్ వంటింట్లోకి వచ్చి పీపా మూత తీసి చూశాడు. "దండ వేశావా?"

"వేశాను ఫాదర్. వేసేముందు..." ఇవార్ పీపా అంచు పట్టుకున్నాడు. "నల్లగా, జిడ్డుగా ఉంది. తాగినవాళ్ళకు జబ్బు చేస్తుందేమోనని మరిగే నీళ్ళలో ఉడకబెట్టాను. బ్రష్షుతో తోమాను."

హాల్వర్ దండను పీపాలోంచి పైకి తీసి, చూసి, దూలానికి తగిలించాడు.

"ఎప్పటినుంచో బతుకుతున్న తోడును నా చేతులతో చంపేశాను," అన్నాడు ఇవార్. "రాత్రంతా నిద్రలేదు ఫాదర్. పాడుచేయకూడదనే అంత జాగ్రత్త పడ్డాను."

గురువు బల్ల మీద కూర్చున్నాడు. వంగి, ఆయాసపడుతూ బూట్లు తొడుక్కున్నాడు. "కూజా పట్టుకుని రా."

ఇద్దరూ మెల్లగా వాలు దిగారు. గడ్డికోతలకు వచ్చే ఇంగ్రిడ్ ఇల్లు కనబడగానే ఇవార్ వెనకబడ్డాడు. పోయినేడు గురువు ఆమెకు కొంచెం నురుగు ఇస్తుంటే వద్దన్నది తనే. 'ఆవిడ వంటింట్లో కోళ్ళు తిరుగుతాయి ఫాదర్, ఇట్టే పాడుచేస్తుంది,' అన్నాడు ఆమె వినేలాగే. అయినా గురువు ఇచ్చాడు.

ఇప్పుడూ కోళ్ళు తిరుగుతున్నాయి.

"రండి ఫాదర్," అంది ఇంగ్రిడ్. "బ్రదర్, మీరూ లోపలికి రండి. గుమ్మంలో నిలబడితే మీరన్న ఆ కోళ్ళు బయటికి పోతాయి."

ఇవార్ తల దించుకున్నాడు.

"మా ఇంట్లో తోడు పోయిందమ్మా," అన్నాడు హాల్వర్.

"అయ్యో! ఎలా పోయింది?"

"నేనే పోగొట్టాను," అన్నాడు ఇవార్.

ఆమె అతని ముఖం చూసింది. ఇంకా ఏదో అనబోయి మానేసింది. పొయ్యి పక్కన ఆమె పీపా పొంగి నేలంతా తడిపేసి ఉంది. గరిటెతో నురుగు తీసి కూజా నిండా పోసింది.

"పోతే పోయిందిలెండి. ఇదీ మీదేగా."

మర్నాటి పొద్దుటికి మఠంలోని పీపా బుసబుసమంటోంది. ఇవార్ కొత్త దండ ఒకటి కూర్చి నురుగులో ముంచాడు. అది ఎండాక రెండు చేతుల్లో పట్టుకుని గురువు దగ్గరికి తెచ్చాడు.

"దీనికి గట్టి పెట్టె ఒకటి చేయిస్తాను ఫాదర్. తాళం వేసి పెడదాం."

హాల్వర్ దండను అందుకుని, చివరి చెక్కముక్కలు కొన్ని ఊడదీసి ఇవార్ అరచేతిలో పెట్టాడు.

"కొండ అవతల కొత్తగా కాపురం పెట్టినవాళ్ళున్నారు. ఇచ్చి రా."

"వాళ్ళెవరో మనకు తెలియదు. పాడుచేస్తే?"

గురువు తల ఎత్తి దూలం వైపు చూశాడు. ఉడకబెట్టిన పాత దండ ఇంకా అక్కడే వేలాడుతోంది, తెల్లగా, శుభ్రంగా.

ఇవార్ కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు.