వంతలమ్మ బండ: నోట నీళ్లు పట్టి వినే మంగళం

ఎర్రదొడ్డిలో బస్సు దిగి, గుట్టల వైపు బండిబాటన రెండు మైళ్లు నడిస్తే వంతలమ్మ బండ వస్తుంది. గుడి కోసం వెతికేరు, గుడి లేదు. గోపురమూ లేదు, ధ్వజస్తంభమూ లేదు. నులకమంచమంత నల్లబండ ఒకటి, దాని నడుమ దోసెడు నీళ్లు పట్టే గుంట, పైన నాలుగు రాతి కంబాల పందిరి, ఆ పందిరికి వేలాడే పాత కిన్నెర ఒకటి. అంతే. అమ్మవారికి కళ్లు లేవు, చేతులు లేవు, ఆయుధం లేదు. ఉన్నదల్లా ఆ గుంటే, దాన్ని అమ్మ నోరు అంటారు.

ఫాల్గుణమాసంలో ఇక్కడ మూడు పగళ్లు కథ చెప్పిస్తారు. మూడోనాటి మిట్టమధ్యాహ్నం మంగళం పాడేవేళకు వచ్చిన భక్తులంతా ఒక్కొక్క గుక్క నీళ్లు నోట పట్టి, మింగకుండా బుగ్గలు ఉబ్బించుకుని కూర్చుంటారు. పండు ముసలివాళ్లు మొదలు చంటిబిడ్డల తల్లుల దాకా అందరూ అంతే. కొత్తగా వచ్చినవాళ్లకు ఇది చూస్తే నవ్వొస్తుంది. నవ్వితే నీళ్లు కారిపోతాయి, పక్కవాళ్లు కసురుకుంటారు. ఈ ఆచారం ఎందుకు వచ్చిందో తెలిస్తే ఆ నవ్వు తనంతట తానే ఆగిపోతుంది కనుక ఆ వృత్తాంతం ఇక్కడ వ్రాస్తున్నాము.

పూర్వం ఈ ప్రాంతానికి తిరుపాలు అనే కిన్నెరకాడు ఏటేటా వచ్చేవాడు. మూడు సొరబుర్రలు, ఒక వెదురుకర్ర, మైనంతో అతికించిన మెట్లు, ఇదే ఆయన ఆస్తి. ఆయన కథ పాడితే భార్య మద్దిలేటమ్మ వంత పాడేది. వంత అంటే తెలుసు కదా, కథకుడి పాదం ముగిసిన చోట అందుకుని పాడే గొంతు. కథకుడు ఊపిరి పీల్చుకోవాలన్నా, తర్వాతి పాదం తలచుకోవాలన్నా వంతే ఆదరువు. వంత లేని కథకుడికి జనం ముందు కూర్చునే ధైర్యం ఉండదు.

వాళ్లు చెప్పేది రాజుల కథ కాదు. ఉప్పుబండి తోలుకుంటూ సముద్రం దాకా పోయి, ఇంటిదారి తప్పిన ఒక బండివాని కథ. అందులో కత్తి తీసేవాడూ లేడు, కోట కట్టేవాడూ లేడు. ఎద్దు కుంటడం, ఇరుసు విరగడం, పరాయి ఊళ్లో ఎవరో పోసిన అంబలి, ఇంటి దగ్గర ఎదురుచూసే మనిషి, ఇవే ఉండేవి. అయినా ఆ కథంటే ఈ ఊళ్లవాళ్లు చెవి కోసుకునేవారు. ఎందుకు కోసుకోరు? అది వాళ్ల బ్రతుకే కదా! ఒక్కొక్క పాదం ముగియగానే మద్దిలేటమ్మ ఒకే వంత అందుకునేది.

"పొద్దుంది ఇంకా, పోదాము పదవయ్యా."

మూడునాళ్లూ ఇదే వంత. చివర మంగళంలో మాత్రం, బండివాడు ఇల్లు చేరాక, వంత మారుతుంది. "ఇల్లు చేరితిమయ్యా" అని ఒక్కసారే అంటుంది. అంతటితో కథ ముగుస్తుంది. మొదలుపెట్టిన కథను మంగళం పాడకుండా విడిచిపెట్టి పొలిమేర దాటకూడదని కిన్నెరకాళ్లలో కట్టుబాటు ఉండేది. అలా విడిచిన కథ నిలబడిపోతుందని, అది తనవాళ్ల కోసం చూస్తూ ఉంటుందని భయపడేవారు.

గుట్టల్లో చిరుతల బెడద ఉండడంచేత ఎర్రదొడ్డిలో కథ పగలే చెప్పించేవారు. ఆ ఏడు కోతలు బాగా అయ్యాయి. ఈ బండ మీద కథ కుదిరింది. మూడోనాడు పొద్దుటినుంచే మద్దిలేటమ్మకు ఒళ్లు కాలిపోతున్నది. భర్తకు చెప్పలేదు. మధ్యాహ్నానికి మంగళం పాడవలసిన చోటికి కథ వచ్చింది. కానీ జనం ఈలలు, కేకలు. "ఇంకో కొమ్మ తియ్యి తిరుపాలూ! బండి ఇంకో ఊరు తిరగనీ!" అని గోల చేశారు. పొగడ్త తలకెక్కితే ఎవరికైనా ఒళ్లు తెలియదు. తిరుపాలు బండిని ఇంకో ఊరు తిప్పాడు. ఆపైన మరో ఊరు. వంత వస్తూనే ఉంది కనుక వెనక్కి తిరిగి చూడలేదు. ఒక పాదం చివర వంత రాలేదు. తిరిగి చూసేసరికి మద్దిలేటమ్మ బండ మీద ఒరిగిపోయి ఉంది. నోరు ఆ గుంటకు ఆనుకుని ఉంది. ప్రాణం లేదు.

బండ పక్కనే గొయ్యి తీసి ఆమెను పూడ్చారు. మంగళం సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు. తిరుపాలు కిన్నెర భుజాన వేసుకుని పొలిమేర దాటి తన ఊరు పోయి, దాన్ని దూలానికి తగిలించి, గోడకు ఒరిగి కూర్చున్నాడు.

పన్నెండోనాడు మొదలైంది. చేలో గడ్డి కోస్తున్న ఆడవాళ్లకు మిట్టమధ్యాహ్నం, గాలైనా కదలని వేళ, బండ వైపు నుంచి పాట వినిపించింది. "పొద్దుంది ఇంకా, పోదాము పదవయ్యా." కొంచెం సేపు ఊరకుండడం, మళ్లీ అదే. ఎవరో పాదం పాడుతుంటే అందుకున్నట్టుగా, ఆ పాదానికి పట్టేంత సేపే ఊరకుండడం. చేతిలో పని ఆగిపోయింది. ఒకామె కొడవలి కిందపెట్టి అటు నడిచింది. మిగిలినవాళ్లు వెంట నడిచారు. బండ చుట్టూ కూర్చుని ఆ గొంతుతో కలిసి వంత పాడసాగారు. పొద్దు గుంకాక ఇంటికి వచ్చారు గానీ అన్నం ముట్టలేదు. పలకరిస్తే వంత తప్ప ఇంకో మాట రాలేదు. మర్నాడు మొగవాళ్లూ పోయారు. వారం తిరిగేసరికి ఎర్రదొడ్డిలో సగం ఇళ్ల పొయ్యిలు చల్లారిపోయాయి. కొట్టాల్లో ఆవులు పాలు పిండేవాళ్లు లేక అరుస్తున్నాయి.

ఆ ఊళ్లో బజారమ్మ అనే ముసలమ్మ ఉండేది. చిన్నప్పుడు జ్వరం తగిలి రెండు చెవులూ పోయాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టేది. ఊరంతా ఏం విని పిచ్చెత్తిపోతున్నదో ఆమెకు అంతుపట్టలేదు. కానీ పెదవులు చూస్తే అందరూ ఒకే మాట అంటున్నారు. ఆ మాట ఎవరిదో ఆమెకు తెలుసు. రెండు రోజులు నడిచి తిరుపాలు ఇల్లు చేరుకుంది.

"నువ్వు మొదలుపెట్టిన కథ మా బండ మీద నిలబడిపాయ నాయనా. వచ్చి ముగిచ్చి పో."

"నాకు వంత లేదవ్వా," అన్నాడు తిరుపాలు. "వంత లేంది కథ యెట్ల ముగుస్తాది?"

బజారమ్మ ఆయన పెదవులు చూసి, "వంత ఆడనే ఉంది. నువ్వే లేవు," అంది.

తిరుపాలు లేచాడు. దూలం మీది కిన్నెర దించి ఆమె వెంట వచ్చాడు. బండ చుట్టూ జనం గుడ్లప్పగించి కూర్చుని ఉన్నారు. ఆయన కూర్చుని, విడిచిన చోటే పాదం అందుకుని, చివర ఆగాడు. వంత పడింది. జనం గొంతులన్నిటి అడుగున, రవ్వంత ముక్కుతో పలికే ఆ గొంతు, తాను ఇరవై ఏళ్లు విన్న గొంతు. తిరుపాలుకు కళ్లనీళ్లు కారాయి. సంతోషం పట్టలేకపోయాడు. భయపడవలసినవాడు సంతోషించాడు, ఏం చేస్తాం! మనిషి అంతే.

అక్కడినుంచి నాలుగు పాదాలు పాడితే మంగళం. తిరుపాలు ఆ నాలుగు పాదాలూ పాడలేదు. బండిని ఇంకో ఊరు తిప్పాడు. మంగళం పాడితే వంత ముగుస్తుంది, వంత ముగిస్తే మద్దిలేటమ్మ పోతుంది. కనుక కథకు కొమ్మల మీద కొమ్మలు తీశాడు. బండివాడు చేను పక్కగా పోతే కలుపుపాట పెట్టాడు. ఊళ్లోకి పోతే రోకటిపాట, ఇంట్లోకి పోతే జోలపాట, చావు ఎదురైతే శోకంపాట. తాను పుట్టినప్పటినుంచీ విన్న ప్రతి పాటనూ తెచ్చి ఆ బండిలో ఎక్కించాడు. ఈ ప్రాంతపు పాటలన్నీ ఈ బండ మీదే పుట్టాయని పెద్దలు అనేది ఇందుకే. ఎవరి పాట వచ్చినప్పుడు వాళ్లు కూర్చున్నచోటే ఊగిపోయేవారు. అన్నిటికీ అదే వంత. అలా రెండు పగళ్లు గడిచాయి. మూడోనాటికి పసిబిడ్డలు ఏడ్చే ఓపిక లేక ఊరకున్నారు. పెద్దవాళ్ల పెదవులు పగిలి నెత్తురు కారుతున్నది. అయినా నోళ్లు కదులుతూనే ఉన్నాయి.

మూడోనాటి మధ్యాహ్నం బజారమ్మ నీళ్లకడవ ఎత్తుకుని వచ్చి ఆయన ఎదుట నిలబడింది.

"మీకు ఏం ఇనపడతాందో నాకు తెల్దు నాయనా. నాకు కనపడేది మడుసులు ఎండిపోవడమే," అంది. "ఆ పొద్దు గూడా ఇంతే. నీ పెండ్లాం మూడుమాట్లు నీళ్లడిగింది. పాట నడుమ, పెదవులు కదిలిచ్చి అడిగింది. నాకు కనపడె. నేను కడవ ఎత్తుకొని వస్తాండంగనే పడిపాయ. నువ్వు జనాన్ని చూస్తాంటివి."

తిరుపాలు చేతిలో కిన్నెర ఆగింది. తర్వాత ఒక్క పాదం, చాలా మెల్లగా పాడి, ఈసారి చెవి ఒగ్గి విన్నాడు. "పొద్దుంది" అన్నచోట ఆ గొంతు జీరపోయింది. "పదవయ్యా" అన్నచోట తెగి, మళ్లీ అతుక్కుంది. ఎండి, పిడచగట్టిన గొంతు అది. మొదటినాటినుంచీ అలాగే ఉంది. ఆమె గొంతు వింటున్న సంతోషంలో ఆయనకు ఆ దప్పిక వినిపించలేదు.

"అవ్వా, ముగిస్తే ఆమె పోతాది," అన్నాడు.

"పోనీ నాయనా. అలిసిపాయింది."

తిరుపాలు తల వంచుకుని చాలాసేపు ఏడ్చాడు. ఆపైన, మంగళం వంత ఒక్కటీ తన భార్య గొంతులో ఒంటిగా వినాలని ఉందని, ఇంతమంది గొంతుల కింద అది నలిగిపోతున్నదని చెప్పాడు. బజారమ్మ కడవ దించింది. ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని ఒక్కొక్క గుక్క నోట పోసి, మింగవద్దని వేలు చూపింది. నీళ్లు నోట పడగానే పెదవులు మూసుకున్నాయి. అన్ని రోజుల తర్వాత బండ చుట్టూ చప్పుడు లేకుండా పోయింది.

తిరుపాలు దోసిట నీళ్లు పట్టి బండమీది గుంటలో పోశాడు. ఆ రాతికి బీట లేదు, చిల్లి లేదు. అయినా నీళ్లు దిగిపోయాయి. దిగేటప్పుడు గుటక వేసిన చప్పుడైంది. రెండో దోసిలి పోశాడు, మళ్లీ గుటక. మూడో దోసిలి పోశాడు. ఈసారి నీళ్లు దిగలేదు, గుంట నిండి నిలిచాయి.

అప్పుడు ఆయన బండివాణ్ణి ఇంటిదారి పట్టించాడు. నాలుగు పాదాలూ ఒక్క మాట పెంచకుండా, ఒక్క మాట తగ్గించకుండా పాడి, కిన్నెర మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు. ఎవరి నోటా మాట రాదు, అందరి నోళ్లలోనూ నీళ్లున్నాయి. బండ మీదినుంచి మద్దిలేటమ్మ గొంతు ఒంటిగా, జీర లేకుండా, తడిగా పలికింది.

"ఇల్లు చేరితిమయ్యా."

జనం నోట ఉన్న నీళ్లు మింగి, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని లేచారు. తల్లులు పరుగున బిడ్డలకు పాలివ్వడానికి పోయారు. రోజూ మధ్యాహ్నంవేళ వంత వినిపించడం ఆనాటితో ఆగిపోయింది. తిరుపాలు ఇక్కడే గుడిసె వేసుకుని, ప్రతి ఫాల్గుణంలోనూ మూడు పగళ్లు కథ చెప్పి, మంగళానికి ముందు మూడు దోసిళ్లు పోసేవాడు. మంగళం వంత మాత్రం తానూ పాడలేదు, ఇంకెవరినీ పాడనివ్వలేదు. ఆ చోటు ఆమెదని వదిలిపెట్టాడు. ఏటా ఆ ఒక్కసారి మాత్రం బండ మీదినుంచి ఆమె గొంతు తడిగా పలుకుతుందంటారు. ఆ మద్దిలేటమ్మే వంతలమ్మ, పందిరికి వేలాడేది ఆయన కిన్నెరే.

నేటికీ అదే పద్ధతి. కథకుడు ఎంత గొప్పవాడైనా పాదం పాదానికీ వెనక్కి తిరిగి వంతవాళ్ల మొహం చూడాలి, అడగకముందే నీళ్లివ్వాలి. కడవ మోసే హక్కు బజారమ్మ వంశంవాళ్లది. వాళ్లు ఆ మూడునాళ్లూ చెవుల్లో దూది పెట్టుకుంటారు. గొంతు పోయినవాళ్లు, మాట ఆలస్యమైన పిల్లలు, పోయినవాళ్ల మీద బెంగతో అన్నం సయించనివాళ్లు గుంటలో నిలిచిన నీళ్లు తీర్థంగా పుచ్చుకుంటే నెమ్మది కలుగుతుందని నమ్మకం. ఒక ఏడు ఎవరో కథకుడు మైకు తెచ్చి, చప్పట్లకు మురిసి, మంగళాన్ని సాయంత్రం దాకా సాగదీశాడట. ఆ పొద్దు చివరి వంత జీరగా వచ్చిందని, విన్నవాళ్లకు నోట ఉన్న నీళ్లు గొంతు దిగలేదని, మూడు దోసిళ్లు మళ్లీ పోశాకే దిగాయని చెప్పుకుంటారు. మైకు తేవద్దని పందిరి దగ్గర వ్రాసిపెట్టినది అందుకే. దయచేసి చదవండి.

మంగళం అయ్యాక ఇక్కడ ఎవరూ కొబ్బరిచిప్పల కోసం తోసుకోరు. నీళ్లు మింగి, పక్కనున్నవాళ్లను, వాళ్లెవరో తెలియకపోయినా, ఒక్క మాట అడుగుతారు.

"తడిగానే ఉందా?"

"తడిగానే ఉంది," అని వాళ్లు చెప్పాకే ఇంటిదారి పడతారు.