దాలమ్మ వంతు

అనగనగా, సముద్రం మన గడపకి ఇంత దగ్గరికి రాని రోజుల్లో, ఉప్పు పండించే ఊరొకటి ఉండేది. ఆ ఊళ్ళో పిల్లలు తల్లి భుజం ఎత్తుకి ఎదిగారంటే చాలు, మంచిరోజు చూసి భుజాన ఉప్పుగంప పెట్టేవాళ్ళు. ఏం, నవ్వుతున్నారేటి? గంప ఎత్తితేనే మనిషి, ఎత్తకపోతే తిండిదండగ. అదీ వాళ్ళ లెక్క.

ఆ ఊళ్ళో దాలమ్మ అని మొగుడు పోయిన మనిషి. ఉప్పుమళ్ళలో పేరిన ఉప్పు గట్టుకి లాగి బతికేది. పైడి అని ఒక్కగానొక్క కూతురు. రేపు గంప ఎత్తాలనగా పిల్ల తలంటుకోడానికి ముందుకి వంగింది. నీళ్ళు పోస్తున్న దాలమ్మ చెయ్యి ఆగిపోయింది. పిల్ల వీపు కుడిపక్క ఎత్తుగా లేచి ఉంది.

"ఏదీ, గొంతుకూర్చోవే." కూర్చుంది. ఒక పక్కకి ఒరిగింది.

"లేచి నడువు." నడిచింది. ఎడం భుజం దిగిపోయింది.

ఓలమ్మో అని దాలమ్మ పెద్దల దగ్గరికి పరిగెత్తింది. పెద్దాయన ఎర్రన్న పడవ మనిషి. ఆయనకి పడవే తోచింది.

"పడవ ఒక పక్కకి ఒరిగితే ఏం చేస్తాం? రెండో పక్క బరువేస్తాం. పిల్లకీ అంతే. కుడి భుజాన గంప పెట్టు, సర్దుకుంటాది."

అందరూ ఔనన్నారు. దాలమ్మా ఔననుకుంది. అది పిల్లరా, పడవ కాదు అని ఒక్కడికీ తోచలేదు! అవీ బుర్రలేనా?

మొదటి ఏడు వీపు ఇంకొంచెం లేచింది. "ఇంకా బరువెయ్యండి" అన్నారు. రెండో ఏడు నడుం వంకరపోయింది. "ఇంకా బరువెయ్యండి" అన్నారు. మూడో ఏడు పిల్ల గట్టుమీద కూలబడింది.

"అమ్మా, ఊపిరి అందట్లేదే."

"ఈ ఒక్క గంపా దించేసి వద్దువుగాని, లే తల్లీ" అంది దాలమ్మ.

వానలు పడకముందే పైడి పోయింది.

దాలమ్మ ఏడవలేదంటారు కొందరు. అబద్ధం. ఊరంతా వినేలా ఏడ్చింది. అప్పట్నుంచి ఏటా గంపలెత్తే రోజున మళ్ళ దారికి అడ్డంగా నిలబడేది. "వంగు. కూర్చో. నడువు." అవే మాటలు. పిల్లల వెనక నిలబడి చూసేది. వీపు ఒక పక్క లేచిందా, ఆ గంప లాగేసుకునేది.

"దాని బరువు ఎవరు మోస్తారే, నీ తాత మోస్తాడా?" అని ఊళ్ళోవాళ్ళు తిట్టేవాళ్ళు.

"నేను మోస్తా. ఆ వంతు నాది."

మోసింది. తన గంప దించి, మళ్ళీ వచ్చి ఆ పిల్లల గంపలు ఎత్తుకునేది. "వీపు సరిచేసే మందేదో చెప్పవే" అని తల్లులు కాళ్ళు పట్టుకుంటే, "నాకు తెలీదమ్మా. తెలిస్తే నా పిల్ల పోయేదా?" అని వాళ్ళతోపాటే ఏడ్చేది. చివరికి ఆ బరువుల కిందే పోయింది. భుజాన ఉన్న గంప దించడానికి కూడా పక్కన ఎవరూ లేరు.

ఇప్పటికీ ఆ పక్క ఊళ్ళలో తొలి గంప ఎత్తేముందు పిల్లలు పెద్దలకి వీపు చూపించి వంగుతారు, గొంతుకూర్చుంటారు, నడుస్తారు. వంకర కనబడితే గంప నేలమీదే ఉంచి, "ఇది దాలమ్మ వంతు" అంటారు. ఆ ఉప్పు ఊరంతా తలా ఇంత మోస్తారు. ఆ మాట మాత్రం తల్లే అనాలి. ఏడుస్తూనే అంటుంది. ఆ వీపు ఇక నిటారు కాదని ఆమెకి తెలుసు.