బోయీల కొత్త పెద్ద

ఏ రాజ్యమో గుర్తులేదుగానీ, అక్కడ పల్లకీ మోసే బోయీలు తమ పెద్దను తామే ఎన్నుకునేవారు. ఈసారి రాజుగారు తన బావమరిది భూపతిని పెద్దగా పంపించారు.

"ఒక్కనాడూ పల్లకీ భుజానికెత్తుకోనివాడు మాకు పెద్దేమిటి?" అన్నాడు గవరయ్య.

అంతే, గవరయ్యతో ఎవరూ మాట్లాడకూడదని భూపతి ఆజ్ఞ వేశాడు.

ఆనాటి నుంచి గవరయ్య సావిడి వెనక ఒంటరిగా కూర్చుని గంజి తాగేవాడు. అవతల తోటివాళ్ల నవ్వులు వినిపిస్తుండేవి.

ఓ మధ్యాహ్నం భూపతే వెండి కంచం పట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు. అతను ఎక్కడ కూర్చున్నా బోయీలు లేచి వెళ్లిపోతున్నారు మరి.

"నేను పెద్దనని ఒప్పుకో, వెలి ఎత్తేస్తాను."

గవరయ్య కాస్త జరిగి చోటిచ్చాడు. "నాతో మాట్లాడొద్దని తమరు ఆజ్ఞ వేయాల్సొచ్చింది బాబూ. తమరితో మాట్లాడొద్దని ఎవరు వేశారు?"