ఎడమచేతి వడ్డన

"గురువుగారూ, మన ప్రాంతంలో ఏ రకం పక్షవాతం ఎక్కువ? రక్తం గడ్డ అడ్డుపడి వచ్చేదా, మెదడులో నరం చిట్లి వచ్చేదా?"

అడిగిందే గానీ, జవాబు తనకు తెలుసుననే ప్రవల్లిక నమ్మకం. రెండేళ్ళుగా ఆసుపత్రిలో చేరిన పక్షవాతం రోగులందరినీ తానే చూసింది. ఇంచుమించు సగం మందికి నరం చిట్లినదే. పుస్తకాలు మాత్రం గడ్డలే చాలా ఎక్కువంటాయి. మనవాళ్ళ ఒంటి తీరే వేరని థీసిస్‌లో రాయబోతోంది.

ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పడం డాక్టర్ సన్యాసిరాజు గారికి అలవాటు లేదు. "ఆదివారం భోజనానికి పిలిచావు కదా, వస్తాను" అన్నారంతే.

ఆదివారం వడ్డించింది పైడితల్లి. తల్లి పోయాక ప్రవల్లికను పెంచిన పెద్దమ్మ.

"పెద్దమ్మా, గురువుగారికి ఎడంచేత్తోనా!" అని ప్రవల్లిక గొంతు తగ్గించి మందలించింది.

పైడితల్లి గరిటె కుడిచేతికి మార్చుకుంది. చెయ్యి వణికి పులుసు నేలపాలైంది.

"ఈ చెయ్యి ఎప్పట్నుంచమ్మా ఇలా?" అని అడిగారు రాజుగారు.

"ఉగాదికి ముందు బాబూ. పొద్దున్న లేచీసరికి సెయ్యి నాది కానట్టయిపోనాది. మాట ముద్దగా వచ్చింది. మద్దేన్నానికి మాట సర్దుకుంది, సెయ్యి మాత్రం ఇలాగే ఉండిపోనాది. ఈ పిల్లకి పరీక్షలు కదా, సెప్పనేదు."

ప్రవల్లిక చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. అప్పట్నుంచీ రోజూ ఆ చేతి వంటే తింటోంది. కంచం సరిగా పెట్టలేదని రెండుసార్లు విసుక్కుంది కూడా.

మర్నాడు స్కానింగులో మెదడు ఎడమవైపు చిన్న పాత మచ్చ కనబడింది. గడ్డ అడ్డుపడినదే. మెడలో రక్తనాళం కూడా సన్నబడి ఉంది. ఈసారి పెద్దది రాకముందే మందులు మొదలుపెట్టారు. పైడితల్లి మాత్రం ఇంటి దగ్గర పొయ్యి ఎవరు వెలిగిస్తారని గొణుగుతూనే ఉంది.

సాయంత్రం ప్రవల్లిక గురువుగారి గదికి వెళ్ళింది.

"నరం చిట్లినవాళ్ళు పడిపోతారు, మన దగ్గరికి మోసుకొస్తారు. ఇలాంటివాళ్ళు ఇంట్లోనే ఉండిపోతారు" అంది. "థీసిస్‌లో పెద్దమ్మను కూడా కలిపి రాస్తే సరిపోతుందా, గురువుగారూ?"

సన్యాసిరాజు గారు ఇంటికి బయలుదేరుతూ గుమ్మంలో ఆగారు.

"మీ పక్కింట్లో అడిగావా?"