తేనెపిట్ట ఇల్లు సర్దిన కథ

అనగనగా ఒక అడవి. ఆ అడవి పక్కనే ఒక పెరడు. పెరట్లో దానిమ్మ కొమ్మకు, పరమాత్మ దయవల్ల, తేనెపిట్టల గూడు ఒకటి వేలాడుతోంది. గూడంటే గూడులా ఉండదర్రా. ఎండాకులు, బెరడు ముక్కలు, బూజు అతికించి, గాలికి కొట్టుకొచ్చి చిక్కుకున్న చెత్తలా ఉంటుంది. లోపల రెండు పిల్లలు. తల్లి పసుపమ్మ, తండ్రి నీలాంబరుడు.

ఆ పెరడున్న ఇంటి డ్రాయింగు మాస్టారు కిటికీలో కూర్చుని రోజూ వాళ్లకు ఫోటోలు తీసేవారు. అక్కడే వచ్చింది తంటా. నీలాంబరుడు పురుగులు తేవడం మానేసి, ఎండలో ఇటు తిరిగి, అటు తిరిగి నిలబడేవాడు. పసుపమ్మ ఒక్కతే తిరిగి తిరిగి పిల్లల నోళ్లు నింపేది. దేవుడు ఈయనకు మెరుపిచ్చి బుద్ధి ఇవ్వడం మరిచాడని గొణుక్కునేది.

ఒకనాడు నీలాంబరుడికి కొత్త బెంగ పట్టుకుంది.

"నలుగురూ చూసే ఫోటో. వెనక ఈ చెత్తేమిటే? పరువు పోతోంది," అన్నాడు.

"చెత్తలా ఉంది కాబట్టే పిల్లలు బతికున్నారయ్యా," అంది పసుపమ్మ.

వింటేగా! మొదటి రోజు ఎండాకులు పీకేశాడు. ఆమె తల బాదుకుని మళ్లీ అతికించింది. రెండో రోజు బూజు దులిపేశాడు. ఆమె తిట్టింది, బతిమాలింది, దేవుడి మీద ఒట్టు వేయించుకుంది. కాపలా కూర్చుందామంటే పిల్లలకు ఆకలి. మూడో రోజు ఆమె అటు వెళ్లగానే, తెల్లటి దూది తెచ్చి గూటి చుట్టూ అద్దాడు. గూడు పెళ్లిపందిరిలా వెలిగిపోయింది.

రోజూ ఆ దారినే పోయే జెముడుకాకి ఆగింది. దాని ముఖం చూస్తే మంచిదంటారు మనుషులు. పిట్టల సంగతి వేరు.

"ఇన్నాళ్లూ చెత్త అనుకున్నానే. ఇల్లా ఇది?" అంది.

గూట్లో ముక్కు పెట్టింది. మాస్టారు కెమెరా వదిలేసి అదిలిస్తూ పరుగెత్తుకొచ్చారు. అప్పటికే అది ఒక పిల్లను పట్టుకుపోయింది.

పసుపమ్మ వచ్చింది. గూట్లో ఒక్క నోరే తెరుచుకుని ఉంది. నీలాంబరుడు ఏదో చెప్పబోయాడు.

"ఏడుపు తర్వాత ఏడుద్దాం. ముందు దీనికి పురుగు పట్టుకురా. ఎవరి కంటా పడకుండా రా," అంది.

నీతి: మన వాళ్లను కాచే చాటును, మెప్పు కోసం మన చేత్తో మనమే తీసేయకూడదు.