ఇరవై రెండు రోజుల పైరు

ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు చెప్పేస్తానేమోనని ఈమధ్య నాకొక బెంగ. సభలో మాట ముందా, కాలువ కబురు ముందా అన్నచోట తేడా వస్తే సర్దుకోండి. గట్టు మీద జరిగింది మాత్రం నా కళ్లతో చూశాను.

ఒకనాడు ముఖ్యమంత్రి గారికి విసుగొచ్చింది.

విసుగు తెప్పించింది మా కోటిలింగం బావ, మా అక్క మొగుడు. యాభై ఏళ్లొచ్చేదాకా చేను తప్ప ఇంకోటి ఎరగని మనిషి. మా ఊరు ఉప్పులదిబ్బ కాలువకి చిట్టచివర. పైవాళ్ల చేలు తడిసి మిగిలితేనే మాకు నీళ్లు. "శివారుకి నీళ్లు తెస్తాను" అని ఒక్క మాట చెప్పి నిలబడ్డాడు, గెలిచాడు. ఎమ్మెల్యే అయ్యాక కూడా ఊళ్లో ఉంటే తెల్లారి చేలోకి దిగి, కాళ్లు కడుక్కుని బస్సెక్కేవాడు.

అసెంబ్లీలో ఏ సంగతి మీద లేచినా బావ చివరికి కాలువ దగ్గరే తేలేవాడు. రోడ్ల మీద చర్చ జరుగుతుంటే, "రోడ్డు సరే అధ్యక్షా, దాని పక్కన కాలువ ఎండిపోయింది" అనేవాడు.

నీటిపారుదల మంత్రి శేషావతారం గారు. నలగని పంచె, వేళ్లకి నాలుగు ఉంగరాలు. సేద్యం గురించి తనకి తెలిసినంత రైతులకి తెలియదని ఆయన నమ్మకం. ఆ రోజు లేచి, "శివారుకి నీళ్లు చేరి నెల దాటింది. కోటిలింగం గారికి కళ్లజోడు కావాలేమో" అన్నాడు. సభంతా నవ్వింది.

ముఖ్యమంత్రి ఇద్దర్నీ తన గదిలోకి పిలిచారు.

"శనివారం నేనే వచ్చి చూస్తాను. కోటిలింగం గారూ, నీళ్లు వచ్చాయని తేలితే మీరు ఈ ఐదేళ్లూ కాలువ ఊసెత్తకూడదు. రాలేదని తేలితే కాలువ బాగుచేసే కాగితం మీద అక్కడే సంతకం పెడతాను. సరేనా?"

"సరేనండి."

ఆ మాట తెలిసి మా అక్కకి అన్నం సయించలేదు. "రెండువేల ఎకరాలు ఆయన నోటిమీద ఆశ పెట్టుకున్నాయే. ఆ నోరు పందెం కాసొచ్చాడు" అంది.

శుక్రవారం మా ఊరికి ట్యాంకర్లు వచ్చాయి. వాటి వెనకే పై ఊళ్ల నించి కూలీలు, నారు కట్టలు. మా ఊళ్లో మంత్రిగారి మనిషికి ఒక ఎకరం ఉంది. సాయంత్రానికి అది పచ్చగా తయారైంది. బావకి చెబుదామంటే ఎలా? ఆయన శనివారం ముఖ్యమంత్రి గారి కారులోనే దిగాడు. పోలీసులు మమ్మల్ని అవతలి గట్టు మీద ఆపేశారు. మాటలు వినిపిస్తున్నాయి గాని మమ్మల్ని నోరెత్తనివ్వలేదు.

చుట్టూ నెర్రెలిచ్చిన చేలు. మధ్యలో ఆ ఒక్క ఎకరం.

"నాట్లు వేసి ఎన్నాళ్లయింది?" అని అడిగారు ముఖ్యమంత్రి.

"ఇరవై రెండు రోజులండి" అన్నాడు మంత్రి.

"మరి పక్క చేలు?"

"రైతుల బద్ధకమండి. నీళ్లొచ్చినా దుక్కి దున్నలేదు."

బావ చేను వంక చూశాడు. నీళ్లున్నాయి గాని ఒక్క కొంగ లేదు. గట్టుకి ఒక్క ఎండ్రకాయ బొరియ లేదు.

"కొంగలకి కబురు అందినట్టు లేదండి" అన్నాడు.

"కొంగలు నా శాఖ కిందికి రావు" అన్నాడు మంత్రి.

ముఖ్యమంత్రి పకపకా నవ్వారు. మా అక్క నా చెయ్యి నలిపేస్తోంది. బావ ఓడిపోయాడనే అనుకున్నాం.

బావ ఇంకాసేపు మొక్కల మొదళ్ల వంక చూసి, చేతులు కట్టుకున్నాడు.

"మంత్రిగారి సేద్యం గొప్పదేనండి. ఒక్క కోరిక. వారి చేత్తో ఒక్క దుబ్బు పీకి మీకిస్తే, ఫోటో తీయించి ఊరూరా పెట్టిద్దాం."

ఫోటో అనేసరికి మంత్రి పంచె ఎగ్గట్టి మడిలోకి దిగాడు.

"జాగ్రత్తండి. ఇరవై రెండు రోజులంటే వేళ్లు బాగా పాతుకుని ఉంటాయి. ఒంటిచేత్తో రాదు. రెండు చేతులా పట్టుకుని, బలమంతా పెట్టి లాగాలి."

"నాకు నేర్పుతున్నారా? నాకు తెలుసు."

తెలిసిన మనిషి కదా, దుబ్బుని రెండు చేతులా పట్టుకున్నాడు, పళ్లు బిగించాడు, ఒక్క ఊపున లాగాడు.

మరుక్షణం మంత్రిగారు మడిలో వెల్లకిలా ఉన్నారు. గుండెల మీద నారు కట్ట. దానికి కట్టిన గడ్డిముడి కూడా విప్పలేదు. చీకటి పడేలోగా ముగించాలని కూలీలు కట్టలకి కట్టలే బురదలో గుచ్చేశారు.

ముఖ్యమంత్రికి అర్థం కాలేదు.

"ఇదేమిటి కోటిలింగం గారూ, ఆయన అలా పడ్డారేం?"

"ఆయన ఇరవై రెండు రోజుల బలం పెట్టారండి. పైరు నిన్నటిది."

ముందు నవ్వింది ముఖ్యమంత్రే. ఆపైన ఇంజనీర్లు, పోలీసులు, అవతలి గట్టు మీద మేమూ. కారు ముందుభాగం మీద కాగితం పరిచి, నవ్వుతూనే సంతకం పెట్టారు.

"ఇది ఊరికి. మీకేం కావాలో అడగండి" అన్నారు.

"ముందు మంత్రిగారికి ఒక పొడి పంచె ఇప్పించండి" అన్నాడు బావ.

అమ్మాయీ సుగుణా, ఇది అచ్చుకి పంపేముందు పేర్లు ఒకసారి సరిచూసి పెట్టు. మీ నాన్న పేరు, మా బావ పేరేగా, నేనెందుకు మరిచిపోతాను గాని, ఆ మంత్రిగారు శేషావతారమేనా, శేషాచలమా?